దవడ ఎముక జబ్బుకి బోన్ స్కాన్ అవసరమా? మా అమ్మ పన్ను కథ

"దవడ ఎముకలో ఏదో తేడా ఉందని బోన్ స్కాన్ రాశారు, ఒంట్లోకి రేడియేషన్ ఎక్కిస్తారట, చేయించుకోవచ్చా?" అని అడిగారు. చేయించుకోండి. ఈ స్కాన్ దాకా వెళ్లడానికి మూడు నెలలు తగలేసిన వాణ్ణి కాబట్టి చెబుతున్నా.

అమ్మకి రొమ్ము క్యాన్సర్. ఎముకలకి పాకిందని నెలనెలా జోలెడ్రోనిక్ యాసిడ్ అనే ఎముకల ఇంజెక్షన్ ఎక్కించేవారు. ఆ రోజుల్లోనే కింది దవడ పన్ను కదులుతోందంటే మా ఊళ్లోనే పీకించేశాం. డెంటిస్టు షుగర్ అడిగాడు, బీపీ అడిగాడు. ఎముకల ఇంజెక్షన్ల మాటే ఎత్తలేదు. ఆ మందులతో దవడ ఎముక చచ్చుబడొచ్చని 2003లోనే అమెరికాలో రాశారు. మా డెంటిస్టు చదువు అయిందే ఆ తర్వాత! మాకంటే తెలియదు, ఆయనకేం?

పీకిన చోట గుంట పూడలేదు. వారానికో యాంటీబయాటిక్, ఉప్పునీళ్లు, పక్కింటావిడ ఇచ్చిన లవంగనూనె. రెండో నెలకి కింది పెదవి మొద్దుబారింది. కాఫీ గడ్డం మీదకి కారుతున్నా అమ్మకి తెలిసేది కాదు, నేనే తుడిచేవాణ్ణి. దవడంతా ఒకేసారి కనబడే ఓపీజీ ఎక్స్‌రే రెండుసార్లు తీసి "మానుతోంది" అన్నారు. ఎముకలో ఖనిజం 30 నుంచి 50 శాతం పోతే తప్ప మామూలు ఎక్స్‌రేలో తేడా సరిగా కనబడదట. ఆ ముక్క అప్పుడే చెప్పి ఉంటే!

చివరికి క్యాన్సర్ డాక్టరు చూసి, జబ్బు దవడకి కూడా పాకిందేమోనని బోన్ స్కాన్ రాశారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

స్కాన్ రోజు టెక్నీషియం అనే రేడియేషన్ పదార్థం కలిపిన మందు చేతి నరానికి ఇచ్చి, మూడు గంటలాగి రమ్మన్నారు. ఈలోగా నీళ్లు బాగా తాగాలి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాలి. అంతమందికీ కలిపి ఒక్కటే బాత్రూం, దాని గడియ పడదు. నేను తలుపు దగ్గర కాపలా. వేలకు వేలు తీసుకుంటారు, గడియ మాత్రం వేయించరు.

మనం భయపడేది ఆ పెద్ద మిషన్ని చూసి. నిజానికి అందులోంచి ఏమీ రాదు, మన ఒంట్లోంచి వచ్చే కిరణాల్నే అది పట్టుకుంటుంది. తెర మీద అమ్మ అస్థిపంజరం చుక్కచుక్కగా తేలింది. వెన్నులో పాత మచ్చలు రెండు, అవి తెలిసినవే. కుడి దవడ మీద మాత్రం దిష్టిచుక్క పెట్టినట్టు నల్లగా కొత్తది. ఎక్స్‌రేకి రెండుసార్లు దొరకనిది అక్కడ గుమ్మం దగ్గర నిలబడ్డ నాకే కనబడింది.

అయితే ఆ మచ్చ ఏం జబ్బో స్కాన్ చెప్పదు. ఎముక ఎక్కడ హడావిడి పడుతోందో అదే చెబుతుంది. చీము పట్టిన పన్నైనా, కొత్తగా పీకిన గుంటైనా అలాగే నల్లబడుతుంది. ఆ తర్వాత సీటీ తీసి, చిన్న ముక్క పరీక్షకి పంపితే తేలింది, క్యాన్సర్ కాదు, ఇంజెక్షన్ల వల్ల చచ్చిన ఎముకే అని. తమాషా ఏమిటంటే ఈ స్కాన్‌కి టెక్నీషియంతో కలిపి ఇచ్చే ఎండీపీ అనే మందు, ఆ జోలెడ్రోనిక్ యాసిడ్ ఒకే కుటుంబం. చెడగొట్టిందీ, పట్టిచ్చిందీ దాయాదులే.

రేడియేషన్ అంటారా, ఆ టెక్నీషియం 6 గంటలకి సగమవుతుంది, ఒక రోజుకి పదహారో వంతు మిగులుతుంది. మూత్రంలో పోయేది వేరే. పసిపిల్లల్ని, గర్భిణుల్ని ఆ పూట దగ్గరికి రానివ్వొద్దన్నారు. మా బుడ్డోడు నానమ్మ పక్కలోకి పోతానని ఏడ్చి ఏడ్చి గుమ్మం దగ్గరే నిద్రపోయాడు. మాకు కష్టమనిపించింది ఆ ఒక్కటే.

ఇంతకీ మీకు ఎముకల ఇంజెక్షన్లు గానీ, బోలు ఎముకలకి వారానికోసారి వేసుకునే బిళ్లలు గానీ ఏమైనా పడ్డాయా? ప్రశ్నలో అది రాయలేదు. పడి ఉంటే స్కాన్ సంగతి తర్వాత, ముందు ఆ మాట మీ డెంటిస్టుకి ఫోన్ చేసి చెప్పండి. ఆయన అడుగుతాడని కూర్చోకండి.