జెర్బిల్ పురుడు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి పోరు పడలేక సంక్రాంతి సెలవుల్లో చెన్నైలో ఒక షాపు నుంచి రెండు జెర్బిల్స్ (ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువులు) తెచ్చాం. రెండూ మగవే, ఏం భయం లేదన్నాడు షాపతను. నాలుగు రోజుల నుంచి ఒకటి రెండు పక్కలా ఉబ్బి గుండ్రటి వంకాయలా తయారైంది, కాగితాలు చింపి మూలకు చేరవేస్తోంది. ఎలుక జాతి కదా, ఈనగానే పిల్లల్ని తినేస్తుందంటున్నారు మా అత్తగారు. మా వారేమో మగదాన్ని వెంటనే విడిగా పెట్టాలంటున్నారు. అమ్మాయి రోజుకు పదిసార్లు మూత తీసి చూస్తోంది. చూస్తే రోహిణి కార్తె ఎండలు. నాకు ఒకటే టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీరు స్థిమితపడండి. జెర్బిల్ తన పురుడు తనే పోసుకుంటుంది, మన వల్ల దానికి కావలసింది చాలా తక్కువ. సూడి కాలం 24 నుంచి 26 రోజులు. పొట్ట మన కంటికి కనబడిందంటే ఇంక వారం లోపే అనుకోండి. ఎక్కువగా రాత్రిళ్లో తెల్లవారుజామునో ఈనుతుంది, మీరు లేచేసరికి గూట్లోంచి సన్నగా కిచకిచలు వినిపిస్తాయి. మామూలుగా నాలుగు నుంచి ఆరు కూనలు, ఒక్కోటి సుమారు 3 గ్రాములు. వెంట్రుక ఉండదు, కళ్లు తెరవవు, చెవులు వినబడవు, గులాబీ రంగులో చిక్కుడు గింజంత ఉంటాయి.

మగదాని సంగతి మాత్రం ఈ రోజే తేల్చుకోండి, ఎందుకంటే ఈనిన కొద్ది గంటల్లోనే ఆడది మళ్లీ ఎదకొస్తుంది, మగది పక్కనే ఉంటే ఒకటి పాలు తాగుతుండగానే ఇంకో ఈత కడుపులో పడుతుంది. పాలిచ్చే తల్లికి ఆ రెండో సూడి 26 రోజులతో పోదు, ఇంకా సాగుతుంది, పాపం ఒళ్లు హూనమవుతుంది. అలాగని మగదాన్ని తీసుకెళ్లి ఇంకో గదిలో పెట్టడం నాకు ఇష్టం లేదు. జెర్బిల్ మగది మంచి తండ్రి, తల్లి మేతకు లేచినప్పుడు కూనల మీద కూర్చుని వెచ్చగా ఉంచుతుంది, నాకి శుభ్రం చేస్తుంది. మళ్లీ ఈత వద్దనుకుంటే ఈనక ముందే తొట్టి మధ్యలో సన్న కన్నాల ఇనుప జల్లెడ నిలబెట్టి మగదాన్ని అవతల ఉంచండి, ఒకదాని వాసన ఒకదానికి తెలుస్తూ ఉంటుంది. జల్లెడకు కింద, పక్కలా సందు లేకుండా చూడండి. ఐదారు వారాలయ్యాక మగ కూనల్ని ఒక్కొక్కటిగా మీ కళ్లముందే తండ్రి వైపుకు మార్చండి, ఆడవి తల్లితో ఉంటాయి. వాసన మరిచిపోయేలా దూరం పెట్టి నెల తర్వాత ఒక్కసారిగా కలిపితే మాత్రం రక్తాలు కారేలా కొట్టుకుంటాయి.

మీ అత్తగారు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, అలాగని రాసిపెట్టి ఉన్నదీ కాదు. తల్లి చచ్చిన కూనను తినేస్తుంది, మాయను తింటుంది, అది మామూలే. బతికున్న కూనను తిన్నదంటే భయపడో, నీళ్లు చాలకో, మాంసకృత్తులు చాలకో, లేదా ఆ కూనకు మనకు కనబడని జబ్బేదో ఉండో అయ్యుంటుంది. ఇందులో మొదటి మూడూ మన చేతుల్లో ఉన్నవే. సజ్జలు, కొర్రలు, ఓట్స్ కలిపి మామూలు మేత వెయ్యండి, దానికి తోడు రోజుకు పల్లీ గింజంత ఉడికించిన గుడ్డు. పొద్దుతిరుగుడు గింజలు రెండు మూడు చాలు, ఎక్కువైతే కొవ్వు పడుతుంది. గుడ్డు మిగిలితే సాయంత్రానికి తీసేయండి, మన ఎండకు గంటల్లో వాసనొస్తుంది. నీళ్ల సీసా ఎప్పుడూ నిండుగా ఉండాలి. గిన్నెతో నీళ్లు పెట్టకండి, కూనలు అందులో పడిపోతాయి.

గూటికి వాసన లేని టిష్యూ పేపరు, మెత్తటి వరిగడ్డి ఇవ్వండి, చింపుకోవడం దాని పని. దూది వద్దు, పోగులు కూనల కాళ్లకు చుట్టుకుని కాలే పోతుంది. కార్పెంటర్ దగ్గరి రంపపు పొట్టూ వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు పడదు. తిరిగే చక్రం ఉంటే తీసి దాచేయండి, కళ్లు తెరవని కూన దాని కింద పడితే నలిగిపోతుంది.

ఇక ఎండ. జెర్బిల్ మంగోలియా ఎడారి బయళ్ల జంతువు కదా, వేడికి ఏమవుతుందిలే అనుకుంటారు చాలామంది. ఆ ఎడారిలో అది పగటి వేడికి లోతైన బొరియలో చల్లగా పడుకుంటుంది, మన గాజు తొట్టిలో ఆ లోతు ఎక్కడిది? పైగా అక్కడిది పొడి గాలి, మనది సముద్రపు గాలి. గాలిలో తేమ 50 శాతం దాటితే దాని బొచ్చు నూనె రాసినట్టు జిడ్డుగా పాయలు పాయలుగా విడిపోతుంది, అది చూసే కనిపెట్టొచ్చు. అందుకే ఎయిర్ కూలర్ దాని వైపు తిప్పొద్దు, చల్లదనంతో పాటు తేమనూ తెస్తుంది. రేకుల కింద, కిటికీ ఎండలో తొట్టి ఉంచొద్దు. ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో నేలకు దగ్గరగా ఉంచి, మధ్యాహ్నం పూట ఐసు గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి తొట్టి బయట ఒక పక్కకు ఆనించండి. నేనైతే చీమకుర్తి గ్రానైటు ముక్క ఒకటి, అరచేయంత, అంచులు నున్నగా అరగదీసింది లోపల పెడతాను. తల్లి గూట్లోంచి వచ్చి దాని మీద పొట్ట ఆనించి కాళ్లు చాపి పడుకుంటుంది. రాయి గూటికి దూరంగా ఉండాలి సుమా, తల్లికి చల్లదనం కావాలి గానీ కూనలకు వెచ్చదనం కావాలి.

ఎండాకాలంలో నాకు అన్నిటికన్నా భయం చీమలంటే. వెంట్రుక లేని కూనల్ని చీమలు పట్టాయంటే తల్లి ఏం చెయ్యగలదు? తొట్టి పెట్టిన బల్ల కాళ్లు నాలుగూ నీళ్ల గిన్నెల్లో ఉంచండి, మన పెద్దవాళ్లు పాలకు, బెల్లానికి చేసినట్టే. చీమల మందు పొడి, సుద్ద గీతలు ఆ చుట్టుపక్కలకే రానివ్వకండి.

మీ అమ్మాయికి నా మాటగా చెప్పండి, మొదటి రెండు వారాలు గూడు కదిలించొద్దని. నేను ఒంగోల్లో మొదటిసారి పెంచినప్పుడు, మూడో రోజు వాసన వస్తోందని గూడు మొత్తం తీసి కొత్త కాగితాలు వేశాను. ఆ రాత్రంతా తల్లి ఒక్కో కూనను నోట కరుచుకుని ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతూనే ఉంది, ఎక్కడా పెట్టదు. పొద్దున్నకి రెండు చల్లబడిపోయాయి. ఇన్నేళ్లయినా ఆ బాధ నాకు పోలేదు. తడిసిన మూల ఒక్కటి చెంచాతో తీసేస్తే చాలు. లెక్క చూడాలనిపిస్తే తల్లి మేతకు వచ్చినప్పుడు, చేతులకు వాటి గూటి గడ్డే రుద్దుకుని, ఒక్కసారి చూసి మూసేయండి. పలచటి చర్మం కింద పొట్టలో తెల్లటి మచ్చ కనబడుతుంది, అవి పాలు. ఆ మచ్చ ఉంటే కూన కడుపు నిండినట్టే.

ఈనేటప్పుడు రెండు గంటలు ముక్కుతూ ఒక్క కూన కూడా రాకపోయినా, రక్తం ఆగకపోయినా డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. మన దగ్గర డాక్టర్లు ఎక్కువగా గేదెలను, గొర్రెలను చూసేవాళ్లు, చిన్న జంతువులను చూసే వాళ్లెవరో ఈ వారంలోనే వాకబు చేసి నంబరు రాసి పెట్టుకోండి.

ప్రశ్న: సింగరాయకొండ నుంచి రాస్తున్నాను. మా జెర్బిల్ ఈని ఆరు రోజులు. ఒక కూన గూటి బయట చల్లగా పడి ఉంది. ఆవుపాలు పట్టొచ్చా?

జవాబు: తమ్ముడూ, పాలు ఆపు, ముందు వేడి. చల్లబడిన కూనకు పాలు పడితే అరగవు. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కదలిక వచ్చేదాకా ఉంచు, పది పదిహేను నిమిషాలు పట్టొచ్చు. చచ్చిపోయింది అనుకున్నది కూడా ఒక్కోసారి కాళ్లాడిస్తుంది. గులాబీ రంగు తిరిగొచ్చాక గూటి అంచున మిగతా కూనల పక్కన పెట్టి దూరంగా జరుగు, తల్లి లాక్కుంటుంది.

ఆవుపాలు వద్దు, విరోచనాలు పట్టుకుంటాయి. తల్లి చనిపోతే తప్ప చేత్తో పెంచే పని పెట్టుకోకు. అప్పుడు కూడా పెట్ షాపుల్లో దొరికే పిల్లికూనల పాలపొడి గోరువెచ్చగా కలిపి, సన్నటి పెయింట్ బ్రష్ కొనతో ఒక్కో చుక్క పెదవికి తాకించాలి, రాత్రీ పగలూ రెండు గంటలకోసారి. డ్రాపర్‌తో నొక్కితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పట్టిన ప్రతిసారీ గోరువెచ్చటి తడి దూదితో పొట్ట కింద మెల్లగా తుడిస్తేనే మూత్రం పోస్తుంది. రెండు వారాలు దాటని కూనలు ఇలా నిలవడం కష్టమే, నిలవకపోతే నీ తప్పు అనుకోకు.

ప్రశ్న: కోవూరు నుంచి. కూనల్ని ఎప్పుడు చేతిలోకి తీసుకోవచ్చు, ఎప్పుడు స్నేహితులకు ఇవ్వొచ్చు?

జవాబు: వారానికల్లా నూగు బొచ్చు వస్తుంది, 16 నుంచి 20 రోజుల మధ్య కళ్లు తెరుస్తాయి. కళ్లు తెరిచాక రోజూ కాసేపు చేతిలోకి తీసుకోండి, నేల మీద కూర్చుని మాత్రమే, ఎగిరి దూకుతాయి. తోక పట్టి ఎత్తారంటే తోక చర్మం ఊడి చేతికొస్తుంది, మళ్లీ రాదు. ఈ మాట పిల్లలకు పదిసార్లు చెప్పండి. మూడో వారం నుంచి మేత కొరుకుతాయి, అప్పుడు నీళ్ల సీసా మూతిని వాటి ఎత్తుకు దించండి. పాలు మానినా తల్లి దగ్గర ఆరో వారం దాకా ఉంచండి, కానీ ఎనిమిదో వారం లోపు ఆడా మగా వేరు చేసెయ్యాలి. ఏడు నుంచి పది రోజుల వయసులో, బొచ్చు దట్టం కాకముందు, ఆడ కూనల పొట్ట మీద చనుమొనలు చిన్న చుక్కల్లా కనబడతాయి, అప్పుడే గుర్తు రాసి పెట్టుకుంటే తర్వాత తికమక ఉండదు. ఇచ్చేటప్పుడు ఒంటరిగా ఇవ్వకండి, రెండు ఆడవి గానీ రెండు మగవి గానీ జతగా ఇవ్వండి.