హైల్యాండర్‌కు ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ సొంతంగా బిగించుకోవచ్చా?

మీరు డాలస్ పరిసరాలలో ఉంటున్నారనీ, 2021 టొయోటా హైల్యాండర్ వీ6 నడుపుతున్నారనీ, పూర్తి బరువు 3,500 పౌండ్లున్న ఒంటి ఇరుసు క్యాంపర్‌ను (కారు వెనుక లాగే ఇంటి బండిని) కొన్నారనీ రాశారు. దానికి ఎలక్ట్రిక్ బ్రేకులున్నాయి కాబట్టి కంట్రోలర్ (కారు బ్రేకు తొక్కినప్పుడు ట్రైలర్ బ్రేకులకు కరెంటు పంపే పెట్టె) తప్పనిసరి అని షాపువారు చెప్పారట. ఆ పని సొంతంగా చేసుకోవచ్చా, వారికే అప్పగించాలా అన్నది మీ ప్రశ్న. నేను అదే తరం హైల్యాండర్‌కు స్వయంగా బిగించుకొని వాడుతున్నాను. మల్టీమీటరు వాడటం తెలిసి, కారు కింద పడుకొని వైరు లాగే ఓపిక ఉంటే నిస్సంకోచంగా చేసుకోవచ్చు. ఆ రెండింటిలో ఏది లేకపోయినా షాపుకు ఇవ్వడమే మేలు. డ్యాష్‌బోర్డు కింద పెట్టె బిగించడం ఈ పనిలో చాలా చిన్న భాగం. అసలు పనంతా దాని వెనుక వైర్లలో ఉంది, బిగించిన తరువాత చేసే సర్దుబాటులో ఉంది.

ముందుగా ఇది మీకు అవసరమా అన్నది చూద్దాం. టెక్సాస్ చట్టం ప్రకారం పూర్తి బరువు 4,500 పౌండ్లు దాటని ట్రైలర్‌కు బ్రేకులు తప్పనిసరి కాదు. అయితే చాలా రాష్ట్రాలలో ఆ హద్దు 3,000 పౌండ్లే కాబట్టి సరిహద్దు దాటి వెళ్లే ఉద్దేశం ఉంటే టెక్సాస్ లెక్కను నమ్ముకోకండి. చట్టం సంగతి అలా ఉంచినా, మూడున్నర వేల పౌండ్ల బరువును కారు బ్రేకులతోనే ఆపాలనుకోవడం మంచిది కాదు. దిగుడు బాటలో బరువెక్కిన బండి ఎద్దుల మెడ మీదికి తోసుకువచ్చినట్టు, వెనుకనున్న క్యాంపర్ కారును ముందుకు నెడుతుంది. మీ దగ్గర బ్రేకులు ఎలాగూ ఉన్నాయి, వాటికి ఆజ్ఞ ఇచ్చే సాధనమే లేదు. ఇక్కడ ఒక చిన్న మినహాయింపు చెప్పాలి. యూ-హాల్ అద్దెకిచ్చే ఆటో ట్రాన్స్‌పోర్ట్ (కారునెక్కించి లాగే ట్రైలర్) వంటి వాటికి సర్జ్ బ్రేకులుంటాయి. ట్రైలర్ ముందుకు తోసే బలంతోనే అవి పడతాయి కాబట్టి వాటికి కంట్రోలర్ అక్కరలేదు. ఇల్లు మారేటప్పుడు మాత్రమే ట్రైలర్ లాగేవారు ఈ ఖర్చు పెట్టుకోనవసరం లేదు.

రెండవ లెక్క కారు మోయగల బరువు. వీ6 హైల్యాండర్ 5,000 పౌండ్ల వరకు లాగగలదు. దాన్ని చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు గాని, కుటుంబంతో వెళ్లేవారికి ముందుగా అడ్డొచ్చేది డ్రైవరు తలుపు చట్రం మీద స్టిక్కరులో ఉండే సంఖ్య. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించరాదని అందులో ఉంటుంది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం వరకు హిచ్ (కారు వెనుక ట్రైలర్ తగిలించే అమరిక) మీద పడుతుంది, అది కూడా ఆ లెక్కలోకే వస్తుంది. మీ స్టిక్కరు మీద 1,400 పౌండ్లు ఉందనుకుందాం. హిచ్ మీద 450, సగటున 150 చొప్పున ఆరుగురు మనుషులు 900, కలిపి 1,350. ఇక మిగిలింది 50 పౌండ్లు, అది హిచ్ సామగ్రికే సరిపోతుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు అందరూ ఒకే కారులో వెళదామనుకుంటే, ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తాను, కూలర్‌ను క్యాంపర్‌లోకి మార్చక తప్పదు. అక్కడ కూడా ఇరుసుకు ముందు ఎంత, వెనుక ఎంత అన్నది చూసుకోవాలి. వెనుక బరువెక్కి హిచ్ మీద పది శాతం కన్నా తగ్గితే ట్రైలర్ ఊగులాట మొదలవుతుంది. దానికి ఏ కంట్రోలరూ పూర్తి మందు కాదు.

ఇక ఏ కంట్రోలర్ కొనాలన్న విషయం. మీరు పెడల్‌ను మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ముందుగా పెట్టిన బలాన్నే కొంత వ్యవధిలో పంపేవి టైమ్ డిలే రకం. కారు ఎంత వేగంగా నెమ్మదిస్తోందో లోపలి సెన్సరు ద్వారా గ్రహించి, అంతకు తగినంతే పంపేవి ప్రొపోర్షనల్ రకం. ధరలో తేడా ఉన్నా, ట్రాఫిక్‌లో ఆగుతూ సాగే మన ప్రయాణాలకు రెండవదే కొనమంటాను. ఇందులో టెకాన్షా ప్రాడిజీ పీ3 వంటి పెట్టెలను కారు నడిచే దిశకు సమాంతరంగా బిగించాలి, లేకపోతే సెన్సరు లెక్క తప్పుతుంది. రెడార్క్ వారి టో-ప్రోలో అసలు పెట్టె డ్యాష్‌బోర్డు లోపల ఏ కోణంలోనైనా దాగి ఉంటుంది, బయటికి ఒక్క నాబ్ మాత్రమే కనిపిస్తుంది. హైల్యాండర్‌లో డ్రైవరు మోకాళ్ల దగ్గర ఎయిర్‌బ్యాగ్ ఉంది, ఆ ప్యానెల్ మీద గాని దానికి అడ్డంగా గాని ఏదీ బిగించకూడదు. పెట్టెకు చోటు వెతకడం కొంత ఇబ్బంది కాబట్టి నాబ్ రకం ఈ కారుకు బాగా నప్పుతుంది. ఏది కొన్నా, ట్రైలర్ బ్రేకులను మాత్రమే చేత్తో వేసే మీట లేదా బటన్ డ్రైవరు చేతికి అందాలి. ట్రైలర్ ఊగడం మొదలైనప్పుడు కారు బ్రేకు తొక్కకుండా, యాక్సిలరేటర్ వదిలి ఆ మీటను మెల్లగా వాడితే వెనుకనుంచి లాగి పట్టినట్టై ట్రైలర్ సరళరేఖలోకి వస్తుంది.

హైల్యాండర్ యజమానులకు అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. పికప్‌లలోనూ, టో ప్యాకేజీతో వచ్చే జీప్ గ్రాండ్ చెరోకీ వంటి వాటిలోనూ డ్యాష్‌బోర్డు కింద కంట్రోలర్ కోసమే ఒక ప్లగ్ ఉంటుంది. తగిన హార్నెస్ (ప్లగ్ ఉన్న వైర్ల కట్ట) కొని అందులో గుచ్చితే పని చాలావరకు అయిపోతుంది. మన కారులో ఆ ప్లగ్ లేదు. పైగా చాలా హైల్యాండర్లకు వెనుక ఉండేది లైట్ల కోసం పెట్టిన నాలుగు తీగల కనెక్టరే, అందులో బ్రేకుకు తీగే ఉండదు. కాబట్టి వెనుక ఏడు పిన్నుల సెవెన్-వే సాకెట్ పెట్టుకోవాలి, ముందు నుంచి దానిదాకా వైరు లాగాలి. ఏ కారుకైనా సరిపడే ఇన్‌స్టలేషన్ కిట్లు దొరుకుతాయి. వైరు, సర్క్యూట్ బ్రేకర్, సాకెట్ అన్నీ కలిసి వస్తాయి కాబట్టి విడివిడిగా కొనడం కన్నా అదే నయం.

కంట్రోలర్‌కు నాలుగు వైర్లు ఉంటాయి. నలుపు బ్యాటరీ ప్లస్‌కు, తెలుపు గ్రౌండ్‌కు, ఎరుపు బ్రేకు లైటు స్విచ్‌కు, నీలం వెనుక సాకెట్‌లోని బ్రేకు టెర్మినల్‌కు వెళతాయి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసి, ఎయిర్‌బ్యాగుల దృష్ట్యా కనీసం 90 సెకన్లు ఆగాలని టొయోటా చెబుతుంది. పసుపు తొడుగు ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగులవి, వాటి జోలికి అసలు పోకండి.

నలుపు వైరుకు బ్యాటరీ దగ్గరలోనే సర్క్యూట్ బ్రేకర్ ఉండాలి. ఒకటి రెండు ఇరుసుల ట్రైలర్‌కు 20 ఆంపియర్లది సరిపోతుంది. బ్యాటరీకి దూరంగా డ్యాష్‌బోర్డు కింద బ్రేకర్ పెడితే, మధ్యలో వైరు ఎక్కడైనా ఒరిసి షార్ట్ అయినప్పుడు దాన్ని ఆపే సాధనం ఉండదు. ఇంజన్ గదికీ లోపలికీ మధ్యనున్న లోహపు గోడలో ఇప్పటికే ఉన్న రంధ్రపు రబ్బరు తొడుగు (గ్రోమెట్) ద్వారానే వైరును దాటించండి. కొత్త రంధ్రం చేసి రేకు అంచు మీదుగా వైరు లాగవద్దు. తెలుపు వైరును దగ్గరలో దొరికిన ఏదో ఒక స్క్రూకు కాక, రంగు లేని శుభ్రమైన లోహానికి లేదా నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కు కలపాలి. కంట్రోలర్ అప్పుడప్పుడు ఆరిపోయి వెలుగుతోందనే ఫిర్యాదుల వెనుక తరచుగా ఉండేది బలహీనమైన గ్రౌండే.

ఎరుపు వైరు విషయంలో తొందరపడకండి. బ్రేకు పెడల్ పైభాగాన ఉండే స్విచ్‌కు ఒకటికి మించి వైర్లు వస్తాయి. వాటిలో పెడల్ తొక్కినప్పుడు మాత్రమే 12 వోల్టులు వచ్చి, వదలగానే సున్నా అయ్యే దాన్ని మల్టీమీటరుతో కనిపెట్టాలి. ఈ పరీక్ష కోసం బ్యాటరీని తిరిగి కలపాల్సి ఉంటుంది. పాతకాలపు బల్బు టెస్టర్ వాడవద్దు, అది లాగే కరెంటుకు నేటి కార్ల మాడ్యూళ్లు పాడయ్యే ప్రమాదముంది. వైరు దొరికిందనుకున్నాక హజార్డ్ లైట్లు, ఇండికేటర్లు వేసి చూడండి. మీటరు ముల్లు గాని అంకె గాని కదిలితే అది సరైన వైరు కాదు. తప్పు వైరుకు కలిపితే ఇండికేటర్ వేసిన ప్రతిసారీ ట్రైలర్ బ్రేకులు పట్టి వదులుతుంటాయి. ఇంటర్నెట్‌లో కనిపించే రంగుల పట్టికను చూసి వైరు ఎంచుకోవద్దని గట్టిగా చెబుతాను. రంగులు ఏడాదిని బట్టి, మోడల్‌ను బట్టి మారతాయి, మీటరు మాత్రం మీ కారులో ఉన్నదే చెబుతుంది. కలపడానికి వైరును కొరికి పట్టే చవక క్లిప్పులు కాకుండా, సోల్డర్ గాని మరతో బిగించే ట్యాప్ కనెక్టరు గాని వాడండి. అది మీ బ్రేకు లైట్ల వైరు అన్న సంగతి గుర్తుంచుకోవాలి.

నీలం వైరు ఎంత మందంగా ఉండాలన్నది లెక్క కట్టి చూడవచ్చు. ఒక్కో బ్రేకు మ్యాగ్నెట్ (కరెంటు అందినప్పుడు బ్రేకు పట్టించే విద్యుదయస్కాంతం) సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. మీ ఒంటి ఇరుసుకు రెండు బ్రేకులు, అంటే 6 ఆంపియర్లు. 10 గేజి వైరు 20 అడుగులు లాగితే ఆ కరెంటుకు 0.12 వోల్టు మాత్రమే పోతుంది. అదే అంతకన్నా సన్నని 14 గేజి వైరైతే 0.3 వోల్టు, రేపు రెండు ఇరుసుల క్యాంపర్ కొంటే 0.6 వోల్టు పోతుంది. బ్రేకు బలం ఆ వోల్టేజీ మీదే ఆధారపడుతుంది. వైరుకు గొట్టపు తొడుగు వేసి, సైలెన్సర్ పైపుకు దూరంగా, కదిలే భాగాలకు తగలకుండా, అడుగడుగునా టై వేసి లాగండి. ఈ పనిలో నాకు ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే. అదే దారిలో క్యాంపర్ బ్యాటరీ ఛార్జింగ్ కోసం మరో 12 వోల్టుల వైరు కూడా వేసేయండి, దానికి వేరే బ్రేకర్ పెట్టండి. ఆ లైనులో కరెంటు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి రాత్రి క్యాంపు వేసినప్పుడు సాకెట్ నుంచి ప్లగ్ తీసేయకపోతే కారు బ్యాటరీ దిగిపోవచ్చు.

వైర్లు లాగకుండా పని జరిగే మార్గాలు కూడా ఉన్నాయి. కర్ట్ ఎకో అనేది సెవెన్-వే సాకెట్‌కూ ట్రైలర్ ప్లగ్‌కూ మధ్య గుచ్చే చిన్న పరికరం, ఫోన్ ద్వారా బ్లూటూత్‌తో నడుస్తుంది. కారు లీజు మీద ఉన్నవారికి, రెండు కార్లతో మార్చి మార్చి లాగేవారికి అది బాగుంటుంది. అయితే సెవెన్-వేలో 12 వోల్టుల సరఫరా ఉంటేనే అది పనిచేస్తుంది కాబట్టి మీకు బ్యాటరీ నుంచి వెనుకదాకా ఒక వైరు ఎలాగూ తప్పదు. అంత దూరం లాగుతున్నప్పుడు మరొక వైరు పెద్ద భారం కాదన్నది నా అభిప్రాయం. ఊగులాట వేళ ఫోన్ వెతుక్కోవడం కూడా నాకు నచ్చదు.

బిగించాక క్యాంపర్ కలిపి మీట నొక్కి, మరొకరిని చక్రం పక్కన ఒక దిక్సూచి పట్టుకోమనండి. మ్యాగ్నెట్‌కు కరెంటు అందుతుంటే ముల్లు కదులుతుంది. రెండు చక్రాల దగ్గరా ఇలా చూడాలి. తరువాత ఖాళీగా, పొడిగా, సమంగా ఉన్న రోడ్డు మీద గంటకు సుమారు 25 మైళ్ల వేగంతో వెళుతూ, కారు బ్రేకు తొక్కకుండా మీట పూర్తిగా నొక్కండి. ట్రైలర్ గట్టిగా పట్టి లాగాలి, కాని చక్రాలు తిరగడం ఆగి జారకూడదు. జారుతుంటే గెయిన్ (ట్రైలర్ బ్రేకులకు పంపే బలం అమరిక) కొద్దిగా తగ్గించండి, పట్టు చాలకపోతే పెంచండి. కొన్ని కంట్రోలర్లలో బ్రేకు వేసిన మొదట్లోనే ఎక్కువ బలం పంపే బూస్ట్ అనే అమరిక ఉంటుంది. మీ క్యాంపర్ కారు కన్నా తేలిక కాబట్టి దాన్ని ఆపి ఉంచడమే సరి. కొత్త బ్రేకులు మొదట్లో పూర్తి పట్టు ఇవ్వవు. ఇరుసులు తయారుచేసే డెక్స్‌టర్ సంస్థ సూచన ప్రకారం 40 నుంచి 20 మైళ్లకు వేగం తగ్గిస్తూ 20 నుంచి 30 సార్లు, మధ్య మధ్య చల్లబడనిస్తూ బ్రేకు వేస్తే షూలు డ్రమ్ముకు అమరుతాయి. అప్పుడు మళ్లీ గెయిన్ సరిచూడాలి. ఖాళీ క్యాంపర్‌కు పెట్టిన గెయిన్ సామాను నింపిన తరువాత చాలదు, వానలో అదే గెయిన్ ఎక్కువ కావచ్చు.

క్యాంపర్ ముందు భాగాన ఉండే బ్రేక్‌అవే స్విచ్‌ను కూడా ఇదే సందర్భంలో పరీక్షించండి. హిచ్ ఊడిపోయినప్పుడు క్యాంపర్ బ్యాటరీతో బ్రేకులు వేసేది అదే. పిన్ను లాగే ముందు సెవెన్-వే ప్లగ్ తీసేయాలి, లేకపోతే ఆ కరెంటు వెనక్కు వచ్చి కంట్రోలర్‌ను దెబ్బతీయవచ్చు. పిన్ను తీశాక కారుతో మెల్లగా లాగి చూస్తే చక్రాలు బిగుసుకొని ఉండాలి. చూడటం పూర్తికాగానే పిన్ను తిరిగి పెట్టేయండి, మరచిపోతే బ్యాటరీ ఖాళీ అవుతుంది, మ్యాగ్నెట్లు వేడెక్కుతాయి.

షాపుకే ఇవ్వాలనుకుంటే, ఎరుపు వైరును ఎక్కడ, ఎలా కలుపుతారో, బ్రేకర్ ఎక్కడ పెడతారో, వెనుకకు ఏ గేజి వైరు వేస్తారో ముందుగా అడగండి. నేను మొదట అడిగిన ఒక షాపువారు ఈ మూడింటికీ సరిగా జవాబు చెప్పలేదు, కూలి మాత్రం కంట్రోలర్ ధరకు రెట్టింపు పైన చెప్పారు. మీ షాపువారు వీటికి వెంటనే స్పష్టంగా బదులిస్తే వారికి అప్పగించడంలో ఇబ్బంది ఏమీ లేదు. గెయిన్ సర్దుబాటు మాత్రం మీ సామానుతో, మీ చేత్తో మీరే చేసుకోండి. ట్రైలర్ తగిలించి ఉన్నంతసేపు డైనమిక్ రాడార్ క్రూజ్ కంట్రోల్ వాడవద్దని టొయోటా మాన్యువల్‌లోనే ఉంది, అది కూడా ప్రయాణానికి ముందే ఇంట్లో కారు నడిపే అందరికీ చెప్పి ఉంచండి.