లారీ నంబర్ తప్పు కొట్టా, రెండు నెలలైనా దడ పోవట్లేదు

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు, నాకు 26 ఏళ్లు, బీకామ్ చేశాను. గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టులో రెండేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నా. మావాళ్లు రైతుల సరుకు అమ్మిపెట్టడమే కాకుండా తమిళనాడు వైపు లారీలు కూడా పంపిస్తారు. మార్చిలో సీజన్ మీద ఉన్నప్పుడు ఒకరోజు రాత్రి ఎనిమిదింటికి ఒక లారీకి ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ పత్రం) చేశా, ఒక పక్క ఫోన్లు మోగుతున్నాయి, హమాలీలు డబ్బుల కోసం ఎదురుగా నిలబడి ఉన్నారు, ఆ గోలలో లారీ నంబర్‌లో 18 బదులు 81 కొట్టేశా. అర్ధరాత్రి నెల్లూరు దాటాక తనిఖీలో ఆపేశారు, డ్రైవర్ మా ఓనర్ గారిని నిద్ర లేపాడు, ఆయన నన్ను లేపారు. చివరికి వెయ్యి రూపాయలు పెనాల్టీ కట్టారు కానీ సరుకు ఒక రోజు లేటయింది, అక్కడి పార్టీ గొడవ చేశాడంట. పొద్దున్నే ఓనర్ గారు అందరి ముందూ "నాలుగంకెలు చూసి కొట్టలేనిదానివి నీకు చదువెందుకమ్మా" అన్నారు. ఆ మాట ఇంకా చెవుల్లోనే ఉంది.

అప్పట్నుంచి ప్రతి బిల్లూ పదిసార్లు చూస్తున్నా, హాస్టల్‌కొచ్చి పడుకున్నాక కూడా గుర్తొచ్చి లేచి ఫోన్‌లో తీసి చూస్తున్నా, అయినా నమ్మకం కుదరట్లేదు. ఆయన నుంచి ఫోన్ వస్తే చాలు కడుపులో తిప్పేస్తుంది. ఇంకొకటి కూడా ఉంది, ఇది ఎవరికీ చెప్పలేదు. పోయిన వారం ఒక రైతు పట్టీలో, అంటే అమ్మిన సరుకు లెక్క చీటీలో, 46 బస్తాలకి 45 వేశా. నాలుగు రోజుల తర్వాత స్టాక్ కలుపుతుంటే దొరికింది. రైతు చూసుకోలేదు, ఓనర్ గారికి తెలీదు, చెబితే ఈసారి పంపించేస్తారని నోరు మెదపలేదు. ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా. కూతురనుకుని ఏదన్నా చెప్పండి.
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కూతురనుకోమన్నావు కాబట్టి నువ్వనే అంటా తల్లీ. నీ ఉత్తరంలో లారీ గురించి అంత రాసి ఆ బస్తా గురించి చివర్లో గబగబా రాసేశావు కానీ నేను మాత్రం ముందు ఆ బస్తా సంగతే మాట్లాడతా. లారీ కథ అయిపోయింది, బస్తా కథ ఇంకా అవలేదు. అది ఆ రైతు ఏడాదంతా కాపాడుకున్న పంట, ఆ డబ్బుతో ఆయన పురుగుమందుల కొట్టు బాకీ తీర్చాలేమో, కూలీలకి ఇవ్వాలేమో, ఆయన చూసుకోలేదు కదా అని అది నీ భయం కింద దాగి ఉండకూడదు. నువ్వు అలాంటి పిల్లవి కాదని నాకు తెలుసు, అలాంటిదానివైతే నాకసలు రాసేదానివే కాదు.

రేపు పొద్దున కొట్టు తెరిచాక రద్దీ మొదలవకముందే వెళ్లి చెప్పు. ఏం చెప్పాలో రాత్రే కాగితం మీద రాసుకో, చేతులు వణికినా మాటలు తప్పిపోకుండా ఉంటాయి. "సార్, ఫలానా రైతు పట్టీలో ఒక బస్తా తక్కువ పడింది, నేనే వేశాను, స్టాక్ కలిపితే బయటపడింది, మొన్ననే చూశాను కానీ భయపడి ఆగాను, సరిచేసిన పట్టీ ఇదిగో, మీరు సరేనంటే రైతుకి నేనే ఫోన్ చేసి చెబుతాను." అంతే, ఇంతకన్నా ఎక్కువొద్దు. నాకు బుర్ర లేదండీ, నేను దేనికీ పనికిరానండీ అని మొదలుపెట్టావంటే ఆయన రైతు సంగతి వదిలేసి నిన్ను తిట్టడమో ఓదార్చడమో చేయాల్సొస్తుంది. ఆయన కోప్పడొచ్చు కూడా, కోప్పడరని నేను మాట ఇవ్వలేను. కానీ కొట్టు నడిపే మనిషికి రైతు పదిమందిలో వచ్చి అడగడం కన్నా తన గుమాస్తా ముందే వచ్చి చెప్పడం వంద రెట్లు నయం, మిర్చి యార్డులో మాట పోయిందంటే వచ్చే ఏడు ఆ ఊరి సరుకు ఇంకో కొట్టుకి పోతుంది, ఇది ఆయనకి నీకన్నా బాగా తెలుసు.

ఇప్పుడు లారీ దగ్గరికొద్దాం. నీకు ఆ పెనాల్టీ వెయ్యి రూపాయలే ఎందుకు పడిందో ఎవరన్నా చెప్పారా? లారీలో సరుకున్నా బిల్లే లేకపోతేనో, పెద్ద తేడా ఉంటేనో పన్నుకి రెండింతలు పెనాల్టీ కట్టాలి. కానీ బిల్లులన్నీ సరిగ్గా ఉండి బండి నంబర్‌లో ఒకటి రెండు అంకెలు మాత్రమే తప్పుపడితే సరుకు పట్టుకోకుండా కేంద్రం జీఎస్టీ (సీజీఎస్టీ) కింద 500, రాష్ట్రం జీఎస్టీ (ఎస్జీఎస్టీ) కింద 500, వేరే రాష్ట్రానికి పోయేదైతే ఐజీఎస్టీ కింద వెయ్యి వేసి వదిలేయమని 2018 సెప్టెంబర్‌లోనే సర్క్యులర్ ఇచ్చారు. అంటే దేశమంతటా గుమాస్తాలు, అకౌంటెంట్లు నీలాగే రాత్రిళ్లు అంకెలు తారుమారు చేస్తూనే ఉన్నారు, అది దొంగతనం కాదు చేతి పొరపాటు అని పన్ను వసూలు చేసేవాళ్లే ఒప్పుకుని దానికో రేటు కట్టారు. ఆ వెయ్యి మీవాళ్లు ఆ రాత్రే కట్టేశారు. నువ్వు మాత్రం రెండు నెలల నుంచి నిద్ర రూపంలో ఇంకా కడుతూనే ఉన్నావు.

నువ్వు బీకామ్ చదివావు కాబట్టి నీకు ఇట్టే అర్థమవుతుంది. ట్రయల్ బ్యాలెన్స్‌లో డెబిట్, క్రెడిట్ మొత్తాలు కలవనప్పుడు ఆ తేడాని తప్పు దొరికేదాకా సస్పెన్స్ అకౌంట్‌లో పడేస్తాం కదా, తప్పు దొరికాక సవరణ ఎంట్రీ వేసి దాన్ని మూసేస్తాం. నువ్వు లారీ తప్పు దొరికాక కూడా, పెనాల్టీ కట్టాక కూడా ఆ అకౌంట్ మూయలేదు, రోజూ అందులో కొత్తగా ఇంకేదో రాస్తున్నావు, ఆయన ఫోన్ చేస్తే అందులోకే, పక్క టేబుల్ వాళ్లు నవ్వుకుంటే అందులోకే. ఇంకో మాట, పాత ఎంట్రీని ఎవరూ కొట్టేయరు, చింపేయరు. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో చూపించే ఎడిట్ లాగ్ తప్పనిసరి చేశారు, దాన్ని ఆపేయడానికి కూడా వీల్లేదు. తప్పు అక్కడే కనిపిస్తూ ఉంటుంది, దాని కిందే దిద్దుబాటు కూడా ఉంటుంది, ఆ రెండూ ఉన్న పుస్తకాన్నే ఆడిటర్ నమ్ముతాడు.

నా సంగతి ఒకటి చెబుతా. నీ వయసులో నేను విజయవాడ ఏలూరు రోడ్డు వైపు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. ఒక పెళ్లి శుభలేఖలో ముహూర్తం రాత్రికుంటే పగలు అని పోయింది, 500 కార్డులు అచ్చయ్యాయి, సగం పంచేశారు కూడా. పెళ్లికూతురి నాన్నగారు ప్రెస్సుకొచ్చి ఏమీ అనకుండా కార్డు నా టేబుల్ మీద పెట్టి నా మొహం చూసి వెళ్లిపోయాడు, తిట్టినా బాగుండేది. మళ్లీ అచ్చేసి ఇచ్చాం, బంధువులకి కబుర్లు పంపాం, పెళ్లి బాగానే జరిగింది. నేను మాత్రం చాలా రోజులు వాళ్లిల్లున్న వీధిలోంచి వెళ్లకుండా చుట్టూ తిరిగిపోయేదాన్ని. ఒకరోజు కూరగాయల బజార్లో ఆయనే ఎదురుపడి "బాగున్నావా అమ్మా, మా అమ్మాయికి ఏడో నెల" అన్నాడు. ఆయన మనసులో ఆ కార్డు ఎప్పుడో పోయింది, ఉన్నది నా దగ్గరే. ఇది తలుచుకున్నప్పుడల్లా అన్ని రోజులు ఎందుకలా తిరిగానా అని ఇప్పటికీ బాధేస్తుంది.

"నేను తప్పు చేశాను" అనుకోవడం వేరు, "నేనే ఒక తప్పు" అనుకోవడం వేరు. మొదటి దాంట్లో చేయడానికి ఏదో ఒక పనుంటుంది, చెప్పడం, దిద్దడం, కట్టడం, క్షమించమనడం. రెండో దాంట్లో పనేమీ ఉండదు, దాక్కోవడం తప్ప. నువ్వు ఆ బస్తా దాచింది కూడా ఈ రెండో దాని వల్లే. ఓనర్ గారు లారీ గురించి ఒక్కమాటతో ఆపకుండా నీ చదువు దాకా వెళ్లారు చూడు, ఆయన అక్కడ తప్పు చేశారు, ఆ మాటని నేను సమర్థించను. మనిషిని అలా అంటే తర్వాతి తప్పు చెప్పడానికి నోరు రాదు, నీ విషయంలో అచ్చంగా అదే జరిగింది. అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ఆవిడ 1990లలో ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్ల మీద పరిశోధన చేసింది. బాగా కలిసి పనిచేసే టీముల్లో తప్పులు తక్కువుంటాయనుకుంటే లెక్కలో ఎక్కువ కనిపించాయి, తీరా చూస్తే వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం కాదు, భయం లేకుండా చెప్పుకుంటున్నారు, మిగతా చోట్ల దాచేస్తున్నారు అని ఆవిడకి అర్థమైంది. కొట్లు నడిపేవాళ్లు ఎవరన్నా ఇది చదువుతుంటే మీ దగ్గర తప్పులేమీ బయటికి రావట్లేదని మరీ సంతోషపడకండి.

ఇక పదిసార్లు చూసుకోవడం. ఎక్కువసార్లు చూస్తే నమ్మకం పెరుగుతుందనుకుంటాం కదా, అది నిజం కాదు. నెదర్లాండ్స్‌లో పరిశోధకులు కంప్యూటర్‌లో గ్యాస్ పొయ్యి బొమ్మ పెట్టి కొందరితో అదే పొయ్యి మళ్లీ మళ్లీ చెక్ చేయించారు, 2003లో దాన్ని అచ్చేశారు. వాళ్లకి పొయ్యి ఎలా ఉందో గుర్తుండటం మామూలుగానే ఉంది, కానీ ఆ గుర్తు మీద నమ్మకం మాత్రం పడిపోయింది. నువ్వు రాత్రి లేచి ఫోన్‌లో చూస్తున్నావంటే అచ్చం ఇదే, చూసేకొద్దీ ఇంకా అనుమానమే వస్తుంది. కాబట్టి రెండుసార్లే చూడు, ఆ రెండూ గట్టిగా చూడు. డ్రైవర్ని నంబర్ ప్లేటు ఫొటో వాట్సాప్‌లో పెట్టమను, నోటి మాటతో నంబర్ తీసుకోవద్దు. నువ్వు కొట్టాక పక్కవాళ్లెవరన్నా ఫొటో చూసి నంబర్ పైకి చదవాలి, నువ్వు స్క్రీన్ చూడాలి. మా ప్రెస్సులో ఆ శుభలేఖ తర్వాత ఇదే పెట్టుకున్నాం, ఒకరు కాపీ పైకి చదవడం, ఇంకొకరు ప్రూఫు చూడటం, ఎందుకంటే మనం కొట్టింది మనం చూసుకుంటే కన్ను ఉన్నది చదవదు, ఉండాల్సింది చదువుతుంది. ఆ తర్వాత కూడా తప్పు పడినా లారీని ఎవరూ ఆపకముందే తెలిస్తే ఈ-వే బిల్లులో బండి వివరాలుండే పార్ట్ బి లో నంబర్ మార్చుకోవచ్చు, ఇది నీకు తెలిసే ఉంటుంది, భయంలో గుర్తురాదు కాబట్టి టేబుల్ మీద రాసి అంటించుకో. హాస్టల్‌కొచ్చాక మాత్రం ఏ బిల్లూ తెరవొద్దు, మొదటి నాలుగైదు రాత్రులు చేతులు లాగుతాయి, ఓర్చుకో.

మానేయడం గురించి ఇప్పుడు నిర్ణయం తీసుకోకు. ముందు బస్తా సంగతి తేల్చు, యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చినప్పుడు ఊరెళ్లి అమ్మ దగ్గర కడుపునిండా తిని నిద్రపోయి అప్పుడు ఆలోచించు. చెప్పాక కూడా ఆయన మాటతీరు అదే అయితే వేరే కొట్టు చూసుకోవడంలో తప్పులేదు, గుంటూరులో టాలీ సాఫ్ట్‌వేర్, జీఎస్టీ వచ్చిన పిల్లలకి పని దొరకడం అంత కష్టమేం కాదు, కానీ దాక్కోడానికి వెళ్లొద్దు. రెండు నెలలుగా నిద్ర లేదు, కడుపులో తిప్పుతుంది అన్నావు కదా, దాన్ని తేలిగ్గా తీసుకోకు. 14416 కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, రాత్రైనా పగలైనా డబ్బులేమీ లేకుండా తెలుగులో మాట్లాడొచ్చు. ఎదురుగా కూర్చుని మాట్లాడాలనుకుంటే గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో సైకియాట్రీ ఓపీ ఉంది.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి ఒక ఫైనాన్స్ ఆఫీసులో క్యాషియర్. పోయిన శనివారం క్యాష్ లెక్కలో 9,500 తగ్గింది, జీతంలోంచి కట్టుకుంటానని రాసిచ్చొచ్చాడు. అప్పట్నుంచి గదిలోంచి రావట్లేదు, అన్నం సరిగ్గా తినట్లేదు. వాళ్ల నాన్నేమో మా రోజుల్లో పైసా తేడా రాలేదు అంటున్నారు. వాడితో ఏం మాట్లాడాలో తెలీట్లేదు.
- సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ముందు మీవారితో మాట్లాడండి అమ్మా, అబ్బాయి లేనప్పుడు. రోజంతా నోట్లు లెక్కపెట్టే చేతుల్లో ఎప్పుడో ఒకసారి రెండు నోట్లు అంటుకుని వెళ్లిపోతాయి, క్యాష్‌లో కూర్చున్న ఎవర్నడిగినా తమకి పోయిన డబ్బు కథ ఒకటి చెబుతారు. ఆయనకి కూడా ఉద్యోగంలో ఏదో ఒక పొరపాటు జరిగే ఉంటుంది, మా రోజుల్లో అనే మాట పక్కన పెట్టి ఆ రోజు ఏం జరిగిందో, రాత్రి ఇంటికెలా వచ్చారో ఒకసారి కొడుక్కి చెప్పమనండి. తండ్రి నోట్లోంచి అది వింటే కలిగే ధైర్యం మీరూ నేనూ ఇవ్వలేం.

మీరు మాత్రం "పోనీలేరా, డబ్బే కదా" అనకండి, వాడికి అది డబ్బు బాధ కాదు, నన్ను దొంగ అనుకుంటున్నారేమో అన్న బాధ. "నువ్వు తీయలేదని నాకు తెలుసు, కట్టేస్తానన్నావు, అది చాలు" అని ఒక్కసారి చెప్పి ఆపండి, రోజూ చెప్పొద్దు. రెండు వారాలు దాటినా ఇలాగే ఉంటే, లేదా నేనుండి ఏం లాభం లాంటి మాట ఒక్కటి వాడి నోట్లోంచి వచ్చినా ఆగకుండా పైన చెప్పిన 14416 కి చేయండి, ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు. ఈ రాత్రికి గదిలోకి కంచం పంపకండి, వాడికిష్టమైన కూర వండి అందరికీ హాల్లోనే కంచాలు పెట్టి వాడు వచ్చేదాకా మీరు తినకుండా కూర్చోండి, వచ్చాక ఆ విషయం మాత్రం ఎత్తకండి.