చూడకుండా సాక్షి సంతకం పెట్టమంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: అక్కా, నేను కర్నూలులో ఒక ప్రైవేటు ఆస్పత్రి సర్జికల్ ఐసీయూలో స్టాఫ్ నర్సుని. కాన్యులా పెట్టడం దగ్గర్నుంచి నాకు పని నేర్పిన సీనియర్ గురించి రాస్తున్నా. కొన్నాళ్లుగా నైట్ డ్యూటీలే అడిగి వేయించుకుంటోంది. "నువ్వు కూర్చో, నేనిస్తాలే" అని నా పేషెంట్ల నొప్పి ఇంజక్షన్లు కూడా తనే తీసుకుంటుంది, తర్వాత బాత్రూమ్‌కెళ్తే ఎంతకీ రాదు. మొన్న తుంటి ఆపరేషన్ అయిన ఆదోని పెద్దాయనకు రాత్రి 2 గంటలకు ఫెంటానిల్ (మత్తుకు అలవాటు చేసే బలమైన నొప్పి మందు) ఇచ్చినట్టు చార్టులో ఉంది. నేను వెళ్లి చూస్తే ఆయన మంచం కమ్మీ పట్టుకుని "సూది ఎవురూ ఎయ్యలేదు పాపా, తట్టుకోల్యాకున్నా" అంటున్నాడు. మిగిలిన మందు పారబోసినట్టు నన్ను సాక్షి సంతకం పెట్టమంటుంది, పారబోయడం మాత్రం నాకు చూపించదు. అడిగితే "నా మీద నమ్మకం లేదా" అంటుంది. ఇద్దరు చిన్నపిల్లలు, ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. చెబితే ఆమె బతుకు పోతుందేమో, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.
– ఒక స్టాఫ్ నర్సు, కర్నూలు

జవాబు: చెల్లీ, ముందు ఆ సంతకం ఆపు, ఈ రాత్రి డ్యూటీ నుంచే. 2 ఎం.ఎల్. ఆంప్యూల్‌లో ఫెంటానిల్ 100 మైక్రోగ్రాములు ఉంటుందని నీకు తెలుసు, డాక్టరు 50 రాస్తే సగం మిగులుతుంది, ఆ సగం ఏమైందో రిజిస్టర్‌లో సాక్ష్యం చెప్పేది నీ సంతకమే. రేపు లెక్క తేలకపోతే ఇద్దరూ కలిసే చేశారంటారు. "అక్కా, నా ముందు పారబోయి, అప్పుడు పెడతా" అను, కోప్పడితే కోప్పడనీ. ఇదివరకు చూడకుండా పెట్టినవి ఉంటే అవి కూడా నువ్వే చెప్పేయ్.

ఆమె మందు వాడుతోందా లేదా అని తేల్చడం నీ పని కాదు. వరస నైట్లు, డిప్రెషన్, ఇంట్లో గొడవలు, మనిషి అలా మారడానికి కారణాలు చాలా ఉంటాయి. కానీ ఆ పెద్దాయన నొప్పి అనుమానం కాదు కదా! అలాంటప్పుడు వెంటనే డ్యూటీ డాక్టర్ని పిలువు, ఆయనకు నొప్పి తగ్గే దారి చూడు. తర్వాత తేదీ, టైమ్, బెడ్ నంబరు, చార్టులో ఏముంది, నువ్వేం చూశావు, పేషెంటు ఏమన్నాడు, ఇంతే రాసి నర్సింగ్ సూపరింటెండెంట్ చేతికి ఇవ్వు. "అలవాటు పడింది" అని రాయకు. ఆమె బ్యాగు వెతకొద్దు, హాస్టల్లో గానీ వాట్సాప్ గ్రూపులో గానీ నోరు జారొద్దు.

ముందు ఆమెతోనే మాట్లాడితే పోదా అనిపిస్తుంది, నాకది సబబుగా లేదు. "రేపట్నుంచి మానేస్తా, పిల్లల మీద ఒట్టు" అంటుంది, ఆ క్షణానికి మనస్ఫూర్తిగానే అంటుంది. ఫెంటానిల్ ఒట్టుతో వదిలేది కాదమ్మా. మానేస్తే ఒళ్లంతా నొప్పులు, వాంతులు, విరేచనాలు, నిద్ర ఉండదు. అన్నిటికంటే ప్రమాదం ఏమిటంటే, కొన్నాళ్లు ఆపి ఉండలేక మళ్లీ పాత డోసే ఎక్కించుకుంటే, శరీరానికి అంతకుముందున్న అలవాటు పోయి ఉంటుంది కాబట్టి ఊపిరే ఆగిపోవచ్చు. అందుకే ఆమె బాత్రూమ్‌లోంచి ఎంతకీ రాకపోతే మొహమాటపడకుండా తలుపు కొట్టు, పలక్కపోతే కేకలేసి డాక్టర్ని పిలువు, మీ ఎమర్జెన్సీ ట్రాలీలో నాలొక్సోన్ (ఫెంటానిల్‌కు విరుగుడు మందు) ఉందో లేదో ఇవాళే చూసుకో.

బతుకు పోతుందన్న భయం గురించి. మత్తుమందుల నియంత్రణకు తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ అని ఒక సెక్షన్ ఉంది. మత్తుకు అలవాటు పడ్డవాళ్లు తమంతట తాముగా ప్రభుత్వ ఆస్పత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపు ఉన్నచోటో చేరి చికిత్స తీసుకుంటే, సొంత వాడకం, చిన్న మోతాదు కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి వాళ్లకు రక్షణ ఉంటుంది. పేషెంటు మందు కాజేసిన నేరాన్ని అది మాఫీ చేయదు, ఉద్యోగం నిలబెడుతుందనీ నేను చెప్పను. అయినా చికిత్సకు దారి మాత్రం ఉంది. మీ ఊరి ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, మత్తు మాన్పించే సహాయానికి 14446, మనసు బాగోలేకపోతే టెలిమానస్ 14416 ఉన్నాయి. విషయం బయటపడిన రోజు ఆమెను ఒంటరిగా ఇంటికి పంపొద్దని సూపరింటెండెంట్‌కు గట్టిగా చెప్పు, అవమానంతో ప్రాణం తీసుకునేవాళ్లుంటారు, ఇంటివాళ్లు ఎవరైనా వచ్చి తీసుకెళ్లాలి.

మేనేజ్‌మెంటు గుట్టుగా ఆమెను ఉద్యోగం మాన్పించి చేతులు దులుపుకోవచ్చు, నాకు టెన్షన్ అంతా అక్కడే. 2012లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో ఒక ఆస్పత్రి టెక్నీషియన్ ఫెంటానిల్ సిరంజిలు కాజేసి, వాటిలో సెలైన్ నింపి మళ్లీ అక్కడే పెట్టేవాడని బయటపడింది. అతనికున్న హెపటైటిస్ సి పదులమంది పేషెంట్లకు అంటుకుంది, 39 ఏళ్ల జైలు పడింది. అంతకుముందు వేరే ఆస్పత్రుల్లో దొరికినా వాళ్లు పంపించేసి ఊరుకున్నారు, అతను ఇంకోచోట చేరాడు. మీ సీనియర్ అలా చేస్తోందని నేననడం లేదు. కానీ ఉద్యోగం మాన్పించి ఊరుకుంటే ఆమె రోగం ఆమెతోనే ఇంకో వార్డుకు పోతుంది, అక్కడ ఇంకో పెద్దాయన ఉంటాడు. కాబట్టి ఇచ్చిన కాగితానికి అందినట్టు సంతకం తీసుకుని ఒక కాపీ దగ్గర పెట్టుకో, వారంలో ఎవరూ కదలకపోతే మెడికల్ డైరెక్టరుకు ఇవ్వు, అక్కడా దాటేస్తే జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు వెళ్లు. ఫెంటానిల్ స్టాకుకు ఆస్పత్రి లెక్క చూపించి తీరాలి.