ఐరన్ గోలీలు వాడినా అమ్మకు రక్తం పెరుగుతలేదు, కొంకిపురుగులేమో (పేగుల ఉండే హుక్‌వర్ములు) ఎట్ల తెలుస్తది?

మలం పరీక్షతోనే తెలుస్తది. స్కానింగులు తర్వాత సంగతి, ముందు అది రాయించుకోండి.

మాది నర్సంపేట దిక్కు. మా మేనత్త వానకాలం అంతా మిర్చి తోటల ఉత్త కాళ్లతోనే కలుపు తీస్తది. చెప్పులు బురదల దిగబడుతయని గట్టు మీద ఇడిసిపెడ్తది. వేళ్ల సందుల దురద, ఎర్రటి పొక్కులు వస్తే కాళ్లు ఒర్సినయని పసుపు రాసి ఊకుండేది. పురుగు పిల్లలు లోపలికి పోయేది ఆ తోలు నుంచే. నెత్తుట్ల కలిసి ఊపిరితిత్తులకు, అక్కడి నుంచి గొంతుకు, మింగితే చిన్నపేగుకు చేరి అక్కడ కరుచుకొని రక్తం తాగుతయి.

తర్వాత తర్వాత నాలుగడుగులేస్తే ఆయాసం. కనురెప్ప కిందికి గుంజితే లోపల తెల్లగ పాలిపోయింది. ఎవరూ చూడకుండ పచ్చి బియ్యం బుక్కుడొకటి. హన్మకొండల ఒక ప్రైవేట్ దవాఖానకు తీస్కపోతే ఈసీజీ అన్నరు, ఎకో అన్నరు, కడుపు స్కానింగ్ అన్నరు. హిమోగ్లోబిన్ 6 ఉన్నదని చూసి ఐరన్ రాసి పంపిండ్రు. చెప్పులు ఏసుకుంటవా అమ్మా అని అడిగిన డాక్టర్ ఒక్కడు లేడు! పురుగులు ఉండంగ ఉత్త ఐరన్ ఇచ్చుడంటే కంత పడ్డ కుండల నీళ్లు పోసుడే.

పట్టుకున్నది మా దగ్గరి చిన్న ల్యాబు పిల్లగాడు. "అన్నా, నిన్నటిది తేకుండ్రి, గుడ్లు పొదిగిపోతయి. పొద్దుగాల అప్పుడే పోయింది డబ్బీల పట్టుకరాండ్రి" అన్నడు. మైక్రోస్కోపుల నాకు కూడ చూపిచ్చిండు. కోలగ ఉన్న గుడ్డు, చుట్టూ సన్నటి పొర, లోపల నాలుగైదు ముద్దలు ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్నయి. ముద్దలకూ పొరకూ నడుమ ఖాళీ జాగ. స్లైడు ఇంకొంచెం జరిపితే ఇంకోటి. ఒకసారి కనబడకపోతే లేవనుకోవద్దు, మళ్ల ఇయ్యాలె.

మందు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల గోలీ, ఒక్కటే. లేకపోతే మెబెండజోల్ 100 చొప్పున పొద్దున, రాత్రి, మూడు రోజులు. రెండు మూడు వారాలకు మలం మళ్ల చూపియ్యాలె, ఒక్క గోలీకి అన్నీ సావకపోవచ్చు. రక్తం మామూలుకొచ్చినంక కూడ ఐరన్ కొన్ని నెలలు ఆపొద్దు. గర్భిణులకు మొదటి మూడు నెలలు ఈ పురుగుల మందు ఇయ్యరు. ఇంత చేసినా రక్తం పెరగకపోతే అప్పుడు ఎండోస్కోపీకి పోండి, పేగుల పుండో ఇంకేదో ఉండొచ్చు.

2015 నుంచి ఫిబ్రవరి 10న నులిపురుగుల దినమని ఇదే ఆల్బెండజోల్ గోలీ ఇస్తున్నరు, మంచిదే. కని అది 1 నుంచి 19 ఏండ్ల పిల్లలకే. గొర్లకైతే ఊరూరు తిరిగి నట్టల మందు తాగిస్తరు, బురదల దిగే ఆడోళ్లకు మాత్రం ఎవ్వరూ ఇచ్చిపోరు. మీ పీహెచ్‌సీల నోరు తెరిచి అడగండి, ఆ గోలీ అక్కడ ఉట్టిగనే ఇస్తరు.