తాగుడు మానేశారు, మరి మాత్రలెందుకు?

ప్రశ్న: మావారికి 38 ఏళ్లు. తాగుడుతో పాటు బైపోలార్ (కొన్నాళ్లు విపరీతమైన ఉద్రేకం, కొన్నాళ్లు దిగులు కమ్మే మానసిక జబ్బు) కూడా ఉందని డాక్టర్ చెప్పారు. డీఅడిక్షన్ సెంటర్‌లో నెలన్నర ఉండి వచ్చారు. రెండు నెలలుగా తాగట్లేదు. ‘తాగుడు మానాడు కదా, ఇంకా మత్తు మాత్రలెందుకు’ అని మా అత్తమ్మ మాన్పించమంటోంది. ఆయన రావడం ఆలస్యమైతే నాకు టెన్షన్. దగ్గరికెళ్లి నోటి వాసన చూస్తుంటే గొడవవుతోంది. కూరలో కలిపే మందు ఉందని పక్కింటామె అంటోంది. కలపమంటారా?
– ఓ సోదరి, కరీంనగర్ జిల్లా

జవాబు: కూరలో ఏదీ కలపకండి. అది డైసల్ఫిరామ్ అనే మాత్ర అయితే, ఒంట్లో అది ఉండగా మద్యం పడితే వాంతులు, గుండెదడ వస్తాయి, బీపీ పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. అది డాక్టర్ రాస్తే, వేసుకునే మనిషి ఒప్పుకుని వేసుకోవాల్సిన మాత్ర. ఇక పేరూ ఊరూ లేని పొడుల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మీ అత్తమ్మ అనుకుంటున్నట్టు అవి తాగుడు మాత్రలు కావు, బైపోలార్‌వి. ఆపేస్తే మళ్లీ ఉద్రేకమో దిగులో ముంచుకొస్తుంది, అప్పుడు చెయ్యి సీసా మీదికే పోతుంది. తాగితే మళ్లీ జబ్బు ముదురుతుంది. మత్తుగా ఉంటున్న మాట నిజమే కావచ్చు. డాక్టర్‌కు చెబితే డోసో, వేసుకునే వేళో మారుస్తారు. బైపోలార్‌కు ఇచ్చే లిథియం మాత్ర రాసి ఉంటే చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష చేయించండి. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో అడిగి ఐబుప్రొఫెన్ లాంటివి వేయకండి, రక్తంలో లిథియం పెరిగిపోతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, చేతులు బాగా వణికి మనిషి తూలుతున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. వచ్చేసారి డాక్టర్ దగ్గరికి అత్తమ్మను కూడా వెంటబెట్టుకెళ్లండి. కోడలు చెబితే వినని మాట అక్కడ వింటారు.

నోటి వాసన చూడటం మానేసి, ఆయన నిద్ర గమనించండి. రాత్రి రెండు మూడు గంటలే పడుకుని, అయినా పొద్దున్నే విపరీతమైన హుషారు, ఆగని మాటలు, అప్పు చేసైనా కొత్త వ్యాపారం పెడతాననడం... చాలాసార్లు ఇవి సీసా కంటే ముందే కనిపిస్తాయి. అలాంటప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో, డబ్బు ఎవరి చేతిలో ఉండాలో ఇప్పుడే, ఆయన నిమ్మళంగా ఉన్నప్పుడే మాట్లాడుకోండి. ఆయన చేతే రాయించండి. తన రాతే కనుక రేపు మీ మీద అంత కోపం రాదు.

నాకు భయమల్లా దసరా దావత్ గురించే. ‘పండుగపూట ఒక్క పెగ్గే కదా బావా’ అనేవాళ్లు ఇంట్లోనే ఉంటారు. జమ్మి పెట్టి, అలయ్ బలయ్ చేసుకుని, తిండి వేళకు ఇంటికొచ్చేయాలని ముందే అనుకోండి. అయినా ఎప్పుడైనా జారితే అంతా పోయిందనుకోకండి. మర్నాడే డాక్టర్‌కు జరిగింది జరిగినట్టు చెప్పండి. మళ్లీ సెంటర్‌లో చేర్చాలా వద్దా అన్నది డాక్టరే తేలుస్తారు.

తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు ఆయన్ను పంపండి, కానీ అక్కడ ఎవరైనా మాత్రలు మానమంటే వినొద్దు. తాగేవాళ్ల ఇంట్లోవాళ్లకు అల్-అనాన్ అని వేరే ఉంది, మీరు వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆయన చచ్చిపోతానన్నా, మీ మీద చెయ్యి చేసుకున్నా మాత్రం ఒంటరిగా సర్దిచెప్పే ప్రయత్నం చేయకండి. ఇరుగుపొరుగును పిలవండి, 112కు ఫోన్ చేయండి.