జీవన్మృతుడా, మృతుడా?

సందేహం: అవయవదానం వార్తల్లో ‘జీవన్మృతుడైన యువకుడు’ అని ఒకరు, ‘కోమాలోకి వెళ్లిన యువకుడు’ అని ఒకరు రాస్తున్నారు. ఏది ఒప్పు? బ్రెయిన్ స్టెమ్‌ను ‘మెదడు కాండం’ అంటే మా పిల్లలు నవ్వుతున్నారు.
– ఒక ఉపాధ్యాయురాలు, కందుకూరు

సమాధానం: పిల్లల్ని నవ్వనివ్వండి, మాటను మాత్రం మార్చకండి. తెలుగు మాట పక్కన సంస్కృత పదం చేరింది కాబట్టి వైరి సమాసమని పండితులు ముఖం చిట్లిస్తారేమో. వారికి ‘మస్తిష్క కాండం’ ఉండనే ఉంది. పైనుంచి కిందికి మధ్యమెదడు, పాన్స్, మజ్జాముఖం కలిస్తే మెదడు కాండం. దాని కింద వెన్నుపాము మొదలవుతుంది. పాన్స్ అంటే లాటిన్‌లో వంతెన. ‘వారధి’ అన్నా పిల్లలకు ఇట్టే తెలుస్తుంది.

మన ‘ఆయువుపట్టు’ అన్న మాటకు ఇంతకంటే తగిన చోటు ఒంట్లో లేదు. ఊపిరి, గుండె వేగం, రక్తపోటు, మింగడం అన్నీ మజ్జాముఖం అదుపులోవే. అన్నం తింటూ పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తడతారు. మెతుకు శ్వాసనాళం వైపు జారిందన్న కబురు మజ్జాముఖానికి చేరి, మన ప్రమేయం లేకుండానే దగ్గు తన్నుకొస్తుంది.

ఇక అసలు ప్రశ్న. జీవత్, మృతుడు కలిసి జీవన్మృతుడు: బతికి ఉండీ చచ్చినవాడితో సమానం. పరువు పోగొట్టుకుని బతుకీడుస్తున్నవాడిని అలా అంటాం. అతనికి ప్రాణం ఉంది. మెదడు కాండం పనిచేయడం శాశ్వతంగా ఆగిన మనిషిది అందుకు తలకిందులైన స్థితి. ఒళ్లు వెచ్చగా ఉంటుంది, ఛాతీ లేచిపడుతుంటుంది, కానీ ఆ ఊపిరి వెంటిలేటర్‌ది. గుండె లయ గుండెలోనే పుడుతుంది కనుక ఆక్సిజన్ అందితే అది కొంతకాలం కొట్టుకుంటుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ఈ స్థితిని మరణంగానే గుర్తిస్తుంది. నలుగురు వైద్యుల బృందం కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షిస్తుంది. కంట్లో వెలుగు వేస్తే కనుపాప ముడుచుకోవాలి, అది మధ్యమెదడు పని. కనుగుడ్డును దూదితో తాకితే రెప్ప పడాలి, అది పాన్స్ పని. గొంతులో గొట్టం కదిపితే దగ్గు రావాలి. సొంతంగా ఊపిరి తీయగలడేమో కూడా చూస్తారు. ఏదీ లేకపోతే అతను మృతుడే, ముందు ‘జీవన్’ అక్కర్లేదు.

కోమా వేరు. అందులోంచి తేరుకునేవారున్నారు. ‘కోమాలో ఉన్న యువకుడి అవయవాలు సేకరించారు’ అంటే బతికున్నవాడిని కోశారనే అర్థం. దానపత్రం మీద సంతకం పెట్టాల్సిన తల్లి చదివితే ఏమవుతుందో రాసేవారు ఆలోచించాలి. ‘బ్రెయిన్ డెడ్‌గా వైద్యులు నిర్ధారించారు’ అన్నది జనానికి అలవాటైన మాటే, నిక్షేపంలా రాయవచ్చు. తెలుగే కావాలంటే ‘మెదడు కాండ మరణం’ అనండి.